నోటికీ షిఫ్టులుంటాయి

కొత్తగూడెంలో బొగ్గుబాయిలోకి దిగే మనిషి దగ్గర బీడీలు, సిగరెట్లు, అగ్గిపెట్టె, లైటరు ఉండకూడదు. దిగేముందు తనిఖీ ఉంటుంది. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతూ ఉంటుంది. గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్యకు చేరిందంటే ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. భూగర్భ గనిలో పొగతాగడాన్ని చట్టం నిషేధించింది అందుకే. ఆ నిబంధన ప్రాణాలు నిలబెట్టింది, అందులో రెండో మాట లేదు. కాని పొగతాగే వీల్లేని ఆ ఎనిమిది గంటల్లోకి పొగాకు వేరే దారిన వచ్చింది. ఖైనీకి, జర్దాకి, గుట్కాకి అగ్గిపుల్ల అక్కర్లేదు. చిటికెడు తీసి కింది పెదవికీ చిగురుకీ మధ్య పెట్టుకుంటే రెండు చేతులూ పనిమీదే ఉంటాయి. దుమ్ముకు గొంతు ఎండదని, నిద్ర రాదని, ఆకలి తెలియదని చెప్పుకునే కారణాలూ తోడయ్యాయి. ఈ పొగాకు సంగతి పెద్దది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఆ ఎనిమిది గంటల గురించి మాట్లాడుకోవాలి. బాయి పనిచేసే ఇంట్లో పళ్ల ఆరోగ్యం మొత్తం ఆ గంటల చుట్టూనే తిరుగుతుంది.

1871లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇవాళ ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలోనైనా, అటు గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలోనైనా ఇళ్లు గడియారం చూసి కాక షిఫ్టు చూసి నడుస్తాయి. వారం మారితే షిఫ్టు మారుతుంది. నిద్ర, తిండి, టీ, పిల్లల్ని బడికి పంపడం అన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. పళ్లు తోముకోవడం ఒక్కటే సర్దుకోదు. అది ‘పొద్దున లేవగానే’ అన్న చోటనే ఉండిపోయింది. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే: పన్ను పాడయ్యేదీ నిలిచేదీ గంటల లెక్కతోనే. ఏం తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాం, అది నోట్లో ఎంతసేపు ఉంది, ఆ తర్వాత మేల్కొని ఉన్నామా నిద్రపోయామా అన్నవే పంటికి ఎక్కువ పట్టింపు.

ఎందుకో తెలియాలంటే పంటి పైపొరను చూడాలి. ఎనామిల్ అనే ఈ పొర మన శరీరంలో అన్నిటికంటే గట్టిది. దాని బరువులో 96 శాతం దాకా ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసి కట్టిన హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలవి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్‌కు ఆ భాగ్యం లేదు. దాన్ని నిర్మించిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేనాటికే పోతాయి. గుంట పడ్డాక దాన్ని డాక్టరు పూడ్చాల్సిందే, శరీరం పూడ్చుకోలేదు.

ఇంత గట్టి పొరనూ ఆమ్లం కరిగిస్తుంది. ఆ ఆమ్లం బయటినుంచి రానక్కర్లేదు. నోట్లో కొన్ని వందల రకాల సూక్ష్మజీవులు కాపురముంటాయి. పంటి మీద జిగటగా పేరుకునే పాచి వాటి ఇల్లు. వాటిలో ఒకదాన్ని 1924లో జె. కిలియన్ క్లార్క్ అనే ఆయన లండన్‌లో పిప్పిపళ్లలోంచి వేరుచేసి, స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరుపెట్టాడు. మనం తిన్న చక్కెరే దానికీ ఆహారం. తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే కొలత పీహెచ్. పాచిలో అది దాదాపు 5.5 కిందికి దిగితే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి రావడం మొదలవుతుంది.

1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు ఈ పీహెచ్‌ను మనుషుల నోళ్లలోనే కొలిచాడు. చక్కెర నీళ్లు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే అది గబుక్కున పడిపోయింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. పైకి తెచ్చింది లాలాజలం. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే ఈ నీరు ఆమ్లాన్ని విరిచేస్తుంది, చక్కెరను కడిగేస్తుంది. తనలో ఉన్న కాల్షియాన్నీ ఫాస్ఫేటునూ తిరిగి ఎనామిల్‌కు అందిస్తుంది. అంటే పన్ను ప్రతి పూటా కొంత కరుగుతుంది, ప్రతి పూటా కొంత కూడదీసుకుంటుంది. కూడదీసుకునే వ్యవధి దొరికినంత కాలం గుంట పడదు.

ఇప్పుడు డ్యూటీ రోజున తాగే టీలను లెక్క చూడండి. లేవగానే ఒకటి, బయలుదేరేముందు ఒకటి, క్యాంటీన్‌లో ఒకటి, మధ్యలో సీసాలో తీసుకెళ్లింది రెండు మూడు గుక్కలుగా, పైకొచ్చాక బిస్కెట్లతో మరొకటి, ఇంటికొచ్చాక ఇంకొకటి. చక్కెర కలిసిన ప్రతి టీకీ అరగంట వేసుకున్నా మూడు గంటలు దాటింది. ఇది కిలోల కొద్దీ మిఠాయి తినే మనిషి సంగతి కాదు. రోజు మొత్తం మీద అతను తిన్నది నాలుగైదు చెంచాల చక్కెరే కావచ్చు. అదే చక్కెర మధ్యాహ్నం భోజనంతో ఒక్కసారే తిని ఉంటే పంటికి ఒక్క గంట కష్టంతో పోయేది.

ఈ తేడాను రుజువుచేసిన ప్రయోగం ఒకటుంది. దాన్ని తల్చుకుంటే బాధ కలుగుతుంది. స్వీడన్‌లో లుండ్ నగరం దగ్గర విపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆసుపత్రిలో 1945 నుంచి 1953 దాకా సాగిందది. రోగుల అనుమతి అడగకుండానే కొందరికి భోజనంతో తీపి ఇచ్చారు. కొందరికి భోజనాల మధ్య పళ్లకు అంటుకుపోయే టాఫీలు తినిపించారు. టాఫీలు తిన్నవాళ్ల పళ్లు భయంకరంగా పుచ్చిపోయాయి. భోజనంతోపాటు తీపి తిన్నవాళ్లకు అంత నష్టం జరగలేదు. ఇవాళ ఏ వైద్యుడూ అలాంటి పరీక్షకు పూనుకోకూడదు, పూనుకోనివ్వరు కూడా. ఆ అభాగ్యుల పళ్లు పోయి మనకు తెలిసిన సంగతిని మనం వాడుకోకపోవడం మరింత అన్యాయమని నాకనిపిస్తుంది. పిల్లలు అడిగిన పల్లీపట్టీ, బూందీ లడ్డు అన్నం తిన్న వెంటనే పెట్టండి. బడి నుంచి వచ్చి ఆడుకుంటూ గంటసేపు చప్పరించే చాక్లెట్‌తో పోలిస్తే పంటికి అది నయం. మధ్యలో ఆకలేస్తే వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు, మజ్జిగ, జామకాయ ఉండనే ఉన్నాయి. బాయిలో తాగే టీలో రెండింటికైనా చక్కెర మానితే ఆ మేరకు పంటికి విశ్రాంతి. గొంతు ఎండిపోతే నీళ్లు తాగడం అన్నిటికంటే మంచిది. వేడికీ చెమటకూ ఒంట్లో నీరు తగ్గితే లాలాజలమూ తగ్గుతుంది, కాపాడే నీరే కరువవుతుంది.

నిద్రలో ఆ కరువు ఇంకా ఎక్కువ. కన్ను మూతపడితే లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. పళ్ల మధ్య ఇరుక్కున్న అన్నం మెతుకు, చివరి టీలోని చక్కెర అలాగే ఉండిపోతాయి. కడిగేవాళ్లు లేరు, విరిచేవాళ్లు లేరు. అందుకే దంతవైద్యులంతా రాత్రి పడుకునేముందు తోముకోవాలంటారు. కాని ఆ సలహా పగలు పనిచేసి రాత్రి పడుకునేవాళ్ల కోసం పుట్టింది. రాత్రి షిఫ్టు చేసిన మనిషి తెల్లారి ఇంటికొచ్చి స్నానం చేసి, ఇంత తిని మంచమెక్కుతాడు. ‘పొద్దున్నే తోముకున్న కదా, ఇగ మళ్ల తోముడేంది’ అనుకుంటాడు. లేచేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆరేడు గంటల పాటు నోరు ఎండిపోయి, పాచి నిండా ఆమ్లంతో ఉంటుంది. రాత్రి షిఫ్టు వారాల్లో అతని పంటికి రాత్రి అంటే ఆ పగలే.

కాబట్టి బ్రష్షును గడియారం ముల్లుకు కాక పరుపుకు కట్టండి. ఏ వేళకైనా సరే, పొద్దుటి 9 గంటలకైనా సరే, మీ పొడవాటి నిద్రకు ముందు చేసే చివరి పని పళ్లు తోముకోవడమే కావాలి. ఆ తర్వాత నీళ్లు తప్ప మరేదీ నోట్లోకి పోకూడదు. రెండోసారి డ్యూటీకి బయలుదేరేముందైనా, లేచాకైనా మీకు కుదిరినప్పుడు. తోమాక ఉమ్మేయండి, చెంబెడు నీళ్లతో పుక్కిలించకండి. పేస్టులోని ఫ్లోరైడు పంటి మీద కాసేపు ఉండాలి. అది కరుగుతున్న స్ఫటికాల్లో చేరి వాటిని మునుపటికంటే గట్టిపరుస్తుంది. అలా గట్టిపడిన ఎనామిల్ కరగాలంటే పీహెచ్ 4.5 దాకా దిగాలి.

ఫ్లోరైడు మాట ఎత్తగానే తెలంగాణలో ఎవరికైనా నల్లగొండ గుర్తొస్తుంది, రావాలి కూడా. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరునీళ్లు తాగి వంగిపోయిన ఎముకలు, గోధుమరంగు చారలు పడ్డ పళ్లు రెండు మూడు తరాలు చూశాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు చేసిన పరిశీలన అది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ తర్వాత నదీజలాలు, మిషన్ భగీరథ తాగునీటి పథకం వచ్చాయి. ఈ చరిత్ర తెలిసిన కుటుంబాలు ఫ్లోరైడు ఉన్న పేస్టంటే జంకడం సహజం. అయితే రెండూ వేరు. నల్లగొండలో విషమైంది రోజంతా, ఏళ్ల తరబడి కడుపులోకి పోయిన ఫ్లోరైడు. ముఖ్యంగా పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు 8 ఏళ్లలోపు, అలా కడుపులోకి పోతే చారలు పడతాయి. పేస్టులోది పంటికి బయటినుంచి రాసి ఉమ్మేసేది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం మించకూడదని, ఎంత ఉందో ట్యూబు మీద ముద్రించాలని నిబంధన ఉంది. కొనేటప్పుడు ఆ అంకె వెతకండి. అసలు ఏమీ రాసి లేకపోతే ఆ పేస్టు నురగ ఇస్తుందేగాని పంటికి బలమివ్వదు. పిల్లలు మింగేస్తారు కాబట్టి వాళ్లకు కొలత ముఖ్యం. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. బోరునీళ్లే తాగే ఊళ్లోనైతే ముందు నీళ్లు పరీక్ష చేయించి, డాక్టరును అడిగి పేస్టు ఎంచుకోవాలి.

పేస్టు రాకముందు మన ఊళ్లలో వేపపుల్ల, కానుగపుల్ల, ఉప్పు, కచ్చిక, బూడిద ఉండేవి. వేపపుల్ల మీద నాకు గౌరవముంది. కొస నమిలి కుంచెలా చేసుకుని ఓపికగా తోమితే పాచిని బాగానే తీస్తుంది, చీల్చి నాలుక గీసుకోవచ్చు. కానీ దవడపళ్ల లోపలివైపుకు అది అందదు, అందులో ఫ్లోరైడూ లేదు. లేవగానే పుల్లతో తోముకునే అలవాటున్న పెద్దవాళ్లను మానమనక్కర్లేదు. నిద్రకు ముందు మాత్రం మెత్తటి బ్రష్షు, పేస్టు ఇవ్వండి.

బూడిద, ఇటుకపొడి, బొగ్గుపొడి సంగతి వేరు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై ఎనామిల్ 5 దగ్గర ఉంటుంది, దాని లోపలి డెంటిన్ 3 దగ్గర. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. పొయ్యిలో రాక్షసిబొగ్గు కాలాక మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాలే. దానితో రుద్దితే మరకలు పోయి పళ్లు తెల్లగా మెరిసే మాట నిజమే. మరకతోపాటు కొంచెం ఎనామిల్ కూడా పోతుంది. ఏళ్లు గడిచాక పన్ను పసుపు తేలుతుంది, ఎందుకంటే పలచబడిన ఎనామిల్ కిందనుంచి పచ్చని డెంటిన్ కనబడుతుంది. చల్లనీళ్లు తాకితే జివ్వుమంటుంది. ఇప్పుడు బొగ్గుపొడి నల్లటి పేస్టుగా, ఖరీదైన ట్యూబుల్లో తిరిగొచ్చింది. బొగ్గు పేస్టులు పళ్లను తెల్లబరుస్తాయనడానికీ, సురక్షితమనడానికీ తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. బొగ్గు మీదే బతికే ఊళ్లో నేను గట్టిగానే చెబుతాను: బొగ్గును నోట్లోకి రానివ్వకండి.

పిల్లల దగ్గరికొద్దాం. ‘పాలపండ్లే కదా బిడ్డా, ఎట్లైనా ఊడిపోతయి’ అనే నాయనమ్మ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పాలపళ్లు 20. ఆరో నెల ప్రాంతంలో మొదలై మూడేళ్లకల్లా వచ్చేస్తాయి. వెనకవైపు పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. పుచ్చి ముందే ఊడితే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కిందనుంచి వచ్చే శాశ్వత పంటికి చోటు లేకుండా చేస్తాయి. ఎత్తుపళ్లు, వంకరపళ్లు అని తర్వాత వేలకు వేలు పోసి తీగలు కట్టించే కేసుల్లో కొన్నిటి మొదలు ఇక్కడుంది. అన్నిటికంటే ముందు ఆ పసివాడికి నొప్పి. నమలలేని పిల్లలు సరిగ్గా తినరు, నిద్రపోరు, బడిలో కూర్చోలేరు.

సీసాపాలతో పడుకోబెట్టడం వల్ల వచ్చే పుచ్చు ఒక ప్రత్యేకమైన ఆనవాలుతో ఉంటుంది. పై ముందుపళ్లు చిగురు దగ్గర తెల్లగా, తర్వాత గోధుమరంగుగా మారి పుచ్చిపోతాయి. కింది ముందుపళ్లు బాగానే ఉంటాయి, నాలుకా లాలాజలమూ వాటిని కాపాడతాయి. పై పెదవి ఎత్తి చూస్తే తల్లే గుర్తుపట్టగలదు. నిద్రపట్టకముందే సీసా తీసేయడం, పాలలో చక్కెర వేయకపోవడం, మొదటి పన్ను కనబడిన నాటినుంచే తోమడం దీనికి మందు. తండ్రి రెండో షిఫ్టులో ఉంటే రాత్రి తల్లి, తండ్రి ఇంట్లో ఉన్న వారం తండ్రి. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లల పళ్లు పెద్దవాళ్లు తోమాలి. పిల్లల చేతులకు అంతవరకూ ఆ నేర్పు రాదు.

ఆరో ఏట జరిగే ఒక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అప్పటికి ఉన్న పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు పెద్ద దవడపళ్లు వస్తాయి. అవి పాలపళ్లే అనుకుని ఇంట్లో పట్టించుకోరు. అవే జీవితాంతం ఉండాల్సినవి, నమలడంలో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసేవి. పైన లోతైన గాడులు ఉండటంతో అన్నిటికంటే ముందు పుచ్చేవీ అవే. డాక్టరు దగ్గర ఆ గాడులను సీలెంట్ అనే పలచని పూతతో మూయించవచ్చు. సూది లేదు, నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. బిడ్డకు ఆరేడేళ్లు వచ్చాయంటే పన్ను నొప్పి లేకపోయినా ఒకసారి చూపించాల్సింది దీనికోసమే.

పెద్దవాళ్లలో పళ్లు ఊడటానికి పుచ్చు ఒక్కటే కారణం కాదు, చిగుళ్ల జబ్బు మరో పెద్ద కారణం. తోమకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం దిగి గారగా గట్టిపడుతుంది. లాలాజల గ్రంథులు తెరుచుకునే చోటే గార ఎక్కువ: కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడపళ్ల బుగ్గవైపు. చిగురు వాచి, తోమినప్పుడు రక్తం వస్తుంది. రక్తం వచ్చిన చోట తోమడం మానేస్తారు, అక్కడే పాచి మరింత పేరుకుంటుంది. గని భాష తెలిసినవాళ్లకు ఆ తర్వాత జరిగేది చెప్పడం తేలిక. బాయిలో పైకప్పును మోయడానికి బొగ్గు స్తంభాలను వదులుతారు, వాటిని తీస్తూ పోతే పైన రాయి ఎంత గట్టిదైనా కూలుతుంది. పంటి చుట్టూ ఉన్న ఎముక అలాంటిది. చిగుళ్ల జబ్బులో పన్ను పుచ్చదు, నొప్పి పెట్టదు. ఎముక తరిగిపోయి, ఒకనాడు మంచి పన్నే కదులుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇది త్వరగా ముదురుతుంది. చిగుళ్ల వాపు ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. షుగరు మందు వాడేవాళ్లు చిగుళ్లు కూడా చూపించుకోవాలి.

గార తీయించుకుంటే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని జనం భయపడతారు. ఆ సందులు గార తీయకముందే ఉన్నాయి. గార వాటిని పూడ్చి ఉంచింది, వాచిన చిగురు కప్పి ఉంచింది. శుభ్రం చేశాక వాపు దిగి అసలు రూపం కనబడుతుంది. పైపన్ను పీకిస్తే కళ్లు పోతాయన్న భయమూ అలాంటిదే. పైపళ్లకు పోయే నరమూ, చూపునిచ్చే నరమూ వేర్వేరు. నిజంగా భయపడాల్సింది పుచ్చిన పన్నును వదిలేసినప్పుడే. లవంగనూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది, చీమును తీసేయలేదు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే చర్మం కాలి పుండవుతుంది. దవడ కింద వాచి, జ్వరంతో, మింగడం కష్టమైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఆ వాపు ఊపిరికి అడ్డం పడగలదు.

ఇక పొగాకు. 2016-17లో జరిగిన గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే ప్రకారం మన దేశంలో పెద్దల్లో 21.4 శాతం మంది అప్పట్లో పొగరాని పొగాకు వాడేవారు. ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో చాలామంది ఆలోచించరు. సున్నం క్షారం. అది నికోటిన్‌ను చర్మంలోంచి సులువుగా చొచ్చుకుపోయే రూపంలోకి మారుస్తుంది, అందుకే ‘కిక్కు’ వెంటనే వస్తుంది. దాంతోపాటే నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలూ ఆ ఒక్కచోట గంటల తరబడి ఊరుతుంటాయి. రోజూ పెట్టుకునే చోట చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. ఆ చర్మం ముడతలు పడి తెల్లబారుతుంది. పన్ను నొప్పికి పొగాకు మందని, పొగాకుపొడితో పళ్లు తోముకోవాలని నమ్మే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

గుట్కాలో పొగాకుతోపాటు వక్క, సున్నం, కాచు ఉంటాయి. తెలంగాణలో దాని తయారీ, అమ్మకం నిషిద్ధం. అయితే పొగాకు లేని వక్కపొడి మంచిదనుకోవడమూ పొరపాటే. వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్కలోని అరెకోలిన్ వంటి పదార్థాలు బుగ్గ లోపలి మెత్తటి చర్మం కింద నారను అదే పనిగా పెంచుతాయి. బుగ్గ బిగుసుకుపోతుంది, నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. 1952లో తూర్పు ఆఫ్రికాలోని భారతీయ మహిళల్లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు దీన్ని తొలిసారి వర్ణించాడు. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మొదటి సూచన మామిడికాయ పచ్చడి దగ్గరే తెలుస్తుంది: ఎప్పుడూ తినే కారం నోట్లో భగ్గుమంటుంది. తర్వాత ముద్ద పెద్దదైతే నోట్లో పట్టదు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మూడూ నిలువుగా ఒకదానికింద ఒకటి పెట్టి ముందుపళ్ల మధ్య పట్టించి చూడండి. మీ మూడు వేళ్లు మీ నోట్లో పట్టకపోతే డాక్టరును కలవాలి. బిగుసుకున్న బుగ్గ పూర్తిగా మునుపటిలా కావడం కష్టం. వక్క మానేస్తే ముదరకుండా ఆపవచ్చు, చికిత్సతో కొంత తెరిపించవచ్చు. ముదిరిన వాళ్లలో కొందరికి అది క్యాన్సర్‌గా మారుతుంది.

మానడం మాటల్లో చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా డ్యూటీకి ముడిపడిన అలవాటు డ్యూటీ మొదలవగానే అడుగుతుంది. ఆ మొదటి గంటకు లవంగమో, సోంపో, చక్కెర లేని చూయింగ్ గమ్మో జేబులో ఉండాలి. నమిలితే లాలాజలం ఊరుతుంది, పంటికీ మేలు. నికోటిన్ గమ్ము డాక్టరు చెప్పినట్లు వాడవచ్చు. 1800-11-2356 అనే జాతీయ నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే మాన్పించే సలహాదారులు మాట్లాడతారు.

గని కార్మికులకు చట్టప్రకారం నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష ఉంటుంది, పీఎంఈ అంటారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఊపిరి బలం చూస్తారు, కన్నూ చెవీ చూస్తారు. ఖైనీ, గుట్కా, వక్క అలవాటున్నవాళ్లు ఆ రోజు తామే నోరు తెరిచి, బుగ్గల లోపల, నాలుక పక్కలా, నాలుక కిందా, పొగాకు పెట్టుకునే చోటా చూడమని డాక్టరును అడగాలి. తెల్లమచ్చ కాని, ఎర్రమచ్చ కాని, రెండు వారాలైనా మానని పుండు కాని ఉంటే పీఎంఈ దాకా ఆగకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తొలిదశలో పట్టుబడితే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, ఆ మనిషి మళ్లీ డ్యూటీకి వెళ్లగలుగుతాడు.